ఎడమ పొత్తికడుపు నొప్పి, సీటీలో డైవర్టిక్యులైటిస్: యాంటీబయాటిక్ కోర్సు ఆపించిన ఒక కేసు

పెద్దపేగు గోడ నుంచి బయటికి ఉబ్బే చిన్న సంచుల్ని డైవర్టిక్యులాలు అంటారు, వాటికి వాపొస్తే డైవర్టిక్యులైటిస్. రోగిని గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. జనరల్ ప్రాక్టీసు చేసేవాళ్లకీ, ఇంట్లో ఈ జబ్బు చూసినవాళ్లకీ పనికొస్తుందని కాస్త విడమరిచి రాశాను.

రోగి

వయసు 56. మగ మనిషి, కాలేజీ లెక్చరరు. ఏలూరుకి దగ్గర్లో ఒక చిన్న పట్టణం. ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. బీపీకి టెల్మిసార్టాన్. సిగరెట్టు, మద్యం అలవాట్లు లేవు. బరువు 84 కిలోలు, ఎత్తు 168 సెం.మీ. పొట్ట మీద ఆపరేషన్లేవీ జరగలేదు. కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) ఎప్పుడూ చేయించుకోలేదు.

రెండు రోజులుగా ఎడమ పొత్తికడుపులో నొప్పి. మొదటి రాత్రి గ్యాసనుకున్నారు. తెల్లారి కాస్త జ్వరం తగిలినట్టు అనిపించి వీధి చివర మెడికల్ షాపులో అడిగితే ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు ఐదు రోజులకి ఇచ్చారు. మన దగ్గర కడుపులో ఏం జరిగినా షాపు కౌంటరు మీదికి ముందు వచ్చే మాత్ర ఇదే. సాయంత్రం ఒకటి, మర్నాడు పొద్దున ఒకటి వేసుకున్నారు. పొద్దున మాత్ర వేసుకున్న గంటకి చెమటలు పట్టి చేతులు వణికాయట. ఇంట్లో గ్లూకోమీటరు ఉంది. చూస్తే 64. పంచదార నీళ్లు తాగించి భార్య ఆయన్ని నా దగ్గరికి తీసుకొచ్చారు.

వాంతులు లేవు, ఒక పూట వికారం మాత్రం ఉంది. రెండు రోజులుగా విరేచనం సరిగా కాలేదు, గాలి మాత్రం పోతోంది. మూత్రంలో మంట లేదు, మలంలో రక్తం లేదు. వచ్చేటప్పుడు ఆటో గుంతలో పడ్డ ప్రతిసారీ నొప్పి జివ్వుమందని చెప్పారు. అడగకుండానే చెప్పిన ఈ ముక్క నాకు చాలా పనికొచ్చింది. మూత్రనాళంలో రాయి ఉన్న మనిషి ఒక చోట కూర్చోలేడు, పడుకోలేడు, గదంతా తిరుగుతూనే ఉంటాడు. కుదుపుకి నొప్పి పెరుగుతోందంటే, కదలకుండా పడుకుంటే హాయిగా ఉందంటే, పొట్ట లోపలి పొర దగ్గర ఎక్కడో వాపు ఉన్నట్టు.

పరీక్షలో జ్వరం 99.8 ఫారెన్‌హీట్. నాడి 88. బీపీ 136/84. నాలుక కొద్దిగా ఎండింది. ఎడమ పొత్తికడుపులో అరచేయంత మేర నొక్కితే నొప్పి, మిగతా పొట్ట మెత్తగానే ఉంది, బిగుసుకుపోలేదు. పేగుల చప్పుడు వినపడుతోంది.

తెల్ల రక్తకణాలు 11,800. ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ లీటరుకి 62 మి.గ్రా. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.2. మూత్ర పరీక్షలో ఏమీ లేదు. సీఆర్‌పీ దగ్గర ఒక మాట. మన ల్యాబుల్లో కొన్ని దీన్ని లీటరు లెక్కన ఇస్తాయి, కొన్ని డెసిలీటరు లెక్కన ఇస్తాయి. ఒక చోట 62 అని వచ్చేది ఇంకో చోట 6.2 అని వస్తుంది. ఈ జబ్బులో నిర్ణయం సగం ఈ అంకె మీదే నిలబడుతుంది కాబట్టి అంకె పక్కన యూనిట్ చూడకుండా ఫోన్లో ఫలితం వినేసి మాట్లాడకూడదు.

స్కాన్ లేకుండా యాంటీబయాటిక్ ఆపే మాట ఎత్తకూడదు

ఊళ్లో తీయించిన అల్ట్రాసౌండ్‌లో "పేగుల్లో గ్యాస్ ఎక్కువ, మిగతా మామూలే" అని వచ్చింది. చేయి తిరిగినవాళ్లు చేస్తే అల్ట్రాసౌండ్‌లో డైవర్టిక్యులైటిస్ కనిపిస్తుంది. లావుపాటి పొట్ట, గ్యాసు ఉన్నప్పుడు కష్టం. క్రియాటినిన్ బాగుంది కాబట్టి కాంట్రాస్ట్ (రక్తనాళంలోకి ఎక్కించే మందు)తో సీటీ చేయించాను.

పెద్దపేగు చివర్లో వంపు తిరిగే సిగ్మాయిడ్ భాగంలో చాలా డైవర్టిక్యులాలు. వాటిలో ఒకదాని చుట్టూ సుమారు 5 సెం.మీ. మేర పేగు గోడ మందంగా ఉంది, పక్కనున్న కొవ్వులో వాపు గీతలు ఉన్నాయి. చీముగడ్డ లేదు. పేగు బయట గాలి బుడగ ఒక్కటి కూడా లేదు. ద్రవం చేరలేదు. ఈ జబ్బు తీవ్రతని అంచెలుగా చెప్పే సవరించిన హించీ వర్గీకరణ ప్రకారం 1ఎ, అంటే సంక్లిష్టం కాని డైవర్టిక్యులైటిస్.

డైవర్టిక్యులా అంటే ఏమిటో ఆ దంపతులకి ఇలా చెప్పాను. పెద్దపేగు గోడలోకి రక్తనాళాలు చొచ్చుకెళ్లే చోట కండ పలచగా ఉంటుంది. లోపలి ఒత్తిడికి ఆ పలచటి చోట నుంచి లోపలి పొర బయటికి చిన్న సంచిలా వస్తుంది, పాత సైకిలు టైరు చీలికలోంచి ట్యూబు ఉబ్బినట్టు. సిగ్మాయిడ్ దగ్గర పేగు సన్నం, ఒత్తిడి ఎక్కువ. అందుకే అక్కడ ఎక్కువ సంచులు. ఇవి ఉన్నవాళ్లలో చాలామందికి జీవితాంతం ఏమీ కాదు, ఎప్పుడైనా వాపు వచ్చేది నూటికి ఐదుగురికి లోపే. పాశ్చాత్య దేశాల్లో వయసు మళ్లినవాళ్లలో సగం మందికి పైగా ఈ సంచులుంటాయి. మన దగ్గర తక్కువ. కానీ కొలనోస్కోపీలు, సీటీలు పెరిగిన కొద్దీ, తిండీ బరువూ మారిన కొద్దీ మనమూ తరచుగా చూస్తున్నాం. తూర్పు ఆసియాలో కుడివైపు డైవర్టిక్యులాలు ఎక్కువ, అక్కడ వాపొస్తే అచ్చం అపెండిసైటిస్‌లా ఉంటుంది. నేనిక్కడ చెప్పేదంతా ఎడమవైపు జబ్బు గురించే. ఈ కేసుకి నేను ఆధారంగా తీసుకున్న పెద్ద ట్రయల్స్ (రోగుల్ని గుంపులుగా విడదీసి చికిత్సల్ని పోల్చే పరిశోధనలు) కూడా ప్రధానంగా ఎడమవైపు జబ్బు మీదే జరిగాయి.

స్కాన్ మీద ఇంత పట్టు ఎందుకంటే, యాంటీబయాటిక్ అక్కర్లేదని చెప్పే పరిశోధనల్లో మనుషులందరికీ సీటీతోనో, మరో స్కాన్‌తోనో జబ్బు తేలాకే ట్రయల్‌లోకి తీసుకున్నారు. చీముగడ్డ ఉందో లేదో తెలియని పొట్టకి ఆ ఫలితాలు వర్తించవు. స్కాన్ దొరకని చోట, ఎడమ పొత్తికడుపు నొప్పీ జ్వరమూ ఉన్న మనిషిని చేతి పరీక్షతోనే "తేలికపాటిది" అని ఇంటికి పంపి యాంటీబయాటిక్ మానేయమనే ధైర్యం నాకు లేదు, ఉండకూడదని కూడా అనుకుంటాను.

ఇన్‌ఫెక్షనా, వాపా?

వైద్య కళాశాలలో మాకు నేర్పిన కథ సూటిగా ఉండేది. సంచి మూతికి గట్టిపడ్డ మలం అడ్డుపడుతుంది, లోపల బ్యాక్టీరియా పెరుగుతుంది, కంటికి కనపడనంత చిన్న చిల్లు పడుతుంది. అంటే ఇన్‌ఫెక్షన్, అంటే యాంటీబయాటిక్. దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఇదే చేసింది. ఆ పద్ధతిని యాంటీబయాటిక్ ఇవ్వని గుంపుతో పోల్చి ఎవరూ సరిగా పరీక్షించలేదు. తేలికపాటి జబ్బులో బ్యాక్టీరియా దాడికంటే పేగు గోడలో మంట లాంటి వాపు ముఖ్యమేమో, అది తనంతట తానే చల్లారుతుందేమో అన్న అనుమానం తర్వాత బలపడింది.

మొదటి పెద్ద పరీక్ష స్వీడన్, ఐస్‌లాండ్ ఆస్పత్రుల్లో జరిగింది. ఏవీఓడీ ట్రయల్ అంటారు, ఫలితాలు 2012లో వచ్చాయి. సీటీలో తేలిన 623 మందిలో సగం మందికి సెలైన్ మాత్రమే, మిగతా సగానికి సెలైన్‌తో పాటు యాంటీబయాటిక్. చిల్లు పడటం, చీముగడ్డ కట్టడం లాంటి ఇబ్బందులు యాంటీబయాటిక్ లేనివాళ్లలో 1.9 శాతం, ఉన్నవాళ్లలో 1.0 శాతం. మనుషుల లెక్కలో ఆరుగురు, ముగ్గురు. ఆస్పత్రిలో ఉన్న రోజులు రెండు వైపులా ఒకటే. ఏడాది లోపు జబ్బు తిరగబెట్టింది కూడా రెండు వైపులా దాదాపు 16 శాతం. ఆ మనుషుల్నే సుమారు 11 ఏళ్లు వెంటాడి చూసి 2019లో మళ్లీ రాశారు: తిరగబెట్టినవాళ్లు రెండు గుంపుల్లోనూ 31 శాతం చొప్పున.

తర్వాత నెదర్లాండ్స్‌లో డయాబొలో ట్రయల్, 528 మంది, 2017. అక్కడ కోలుకోవడానికి పట్టిన సమయం చూశారు. యాంటీబయాటిక్ లేనివాళ్లకి 14 రోజులు, ఉన్నవాళ్లకి 12 రోజులు. తేడా గణాంకపరంగా నిలబడలేదు. యాంటీబయాటిక్ లేనివాళ్లు ఆస్పత్రి నుంచి ముందే ఇంటికెళ్లారు. నేను రోగులకి ఎక్కువగా చెప్పేది ఈ ట్రయల్‌లోని 12, 14 అన్న అంకెలే. మందు వేసుకున్నా రెండు వారాలకి దగ్గరగా పడుతుందని ముందే తెలిస్తే మూడో రోజు నొప్పి ఉన్నందుకు మనిషి హడలిపోడు.

పై రెండు ట్రయల్స్‌లో ఎవరికి ఏమిచ్చారో అందరికీ తెలుసు కదా అన్న అభ్యంతరం సహజం. 2021లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా ఆస్పత్రుల నుంచి వచ్చిన స్టాండ్ ట్రయల్ దానికి జవాబు. 180 మంది. ఒక గుంపుకి ఉత్తుత్తి మందు. డాక్టరుకీ రోగికీ తెలియదు. ఆస్పత్రిలో గడిపిన సమయం యాంటీబయాటిక్‌తో 40 గంటలు, ఉత్తుత్తి మందుతో 45.8 గంటలు, అది లెక్కకొచ్చే తేడా కాదు. అదే ఏడాది స్పెయిన్ నుంచి దినామో ట్రయల్: 15 ఆస్పత్రులు, 480 మంది, వీళ్లెవరినీ ఆస్పత్రిలో చేర్చుకోలేదు. ఇంటి దగ్గరే నొప్పి మందులు ఒక గుంపుకి, నొప్పి మందులతో పాటు అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఇంకో గుంపుకి. తర్వాత ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది యాంటీబయాటిక్ లేనివాళ్లలో 3.3 శాతం, ఉన్నవాళ్లలో 5.8 శాతం.

ఇవన్నీ చదివి "అయితే యాంటీబయాటిక్ వల్ల ఉపయోగమే లేదు" అని తీర్పు చెప్పేయడం నాకు నచ్చదు. డయాబొలోలో రెండేళ్లు గడిచాక చూస్తే, తర్వాత తీరిగ్గా పేగు ముక్క తీయించుకున్నవాళ్లు యాంటీబయాటిక్ లేని గుంపులో 7.7 శాతం, ఉన్న గుంపులో 4.2 శాతం. గణాంకం దాన్ని యాదృచ్ఛికమేనని అనుమతిస్తోంది. అయినా ఆ అంకె నా కళ్లముందు నుంచి పోదు. చిల్లు పడటం లాంటివి అసలే అరుదు. ఆరుగురికీ ముగ్గురికీ మధ్య తేడాని కచ్చితంగా తేల్చాలంటే వేల మంది కావాలి. పైగా ట్రయల్‌లోకి వచ్చేవాళ్లు ఎప్పుడూ కొంచెం నిబ్బరంగా ఉన్నవాళ్లే. జబ్బు బాగా ముదిరినట్టు కనపడినవాళ్లని అక్కడి డాక్టర్లు ట్రయల్‌కి పంపక నేరుగా వార్డుకి పంపి ఉంటారు. కాబట్టి నేను చెప్పగలిగింది ఇంతే: సరిగా ఎంచుకున్న మనిషిలో యాంటీబయాటిక్ కోలుకోవడాన్ని త్వరపెట్టదు, తిరగబెట్టకుండా ఆపదు. ప్రమాదాన్ని తగ్గిస్తే గిస్తే చాలా కొద్దిగా.

ఎంచుకోవడంలోనే ఉంది అసలు పని

ఈ మాస్టారు ఆ "సరిగా ఎంచుకున్న మనిషి" అవుతారా? అవుతారని వెంటనే చెప్పలేకపోయాను. కారణం షుగరు.

అమెరికన్ గ్యాస్ట్రోఎంటరలాజికల్ అసోసియేషన్ 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం, తేలికపాటి జబ్బులో కూడా యాంటీబయాటిక్ ఇవ్వాల్సినవాళ్లున్నారు. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, బాగా నీరసించిన వృద్ధులు, ఇతర జబ్బులు ఉన్నవాళ్లు, వాంతులు ఆగనివాళ్లు, లక్షణాలు లొంగనివాళ్లు, సీఆర్‌పీ లీటరుకి 140 మి.గ్రా. దాటినవాళ్లు, తెల్లకణాలు 15,000 దాటినవాళ్లు, సీటీలో ద్రవం చేరినట్టో, వాపు పొడవుగా పాకినట్టో కనిపించినవాళ్లు. ఇందులో "ఇతర జబ్బులు" అన్న మాట చాలా వెడల్పైనది. యాభై దాటిన మన రోగుల్లో షుగరు లేదా బీపీ లేనివాళ్లని వెతుక్కోవాలి. ఆ మాటని అక్షరాలా పట్టుకుంటే మన దేశంలో ఈ చర్చే అక్కర్లేదు, అందరికీ రాసేయడమే.

దినామో ట్రయల్‌లో మినహాయింపు ఇంకా కచ్చితంగా రాసుకున్నారు: షుగరు వల్ల అవయవాలు దెబ్బతిన్నవాళ్లని, అంటే కంటి రెటీనా, కిడ్నీ, రక్తనాళాలు పాడైనవాళ్లని తీసుకోలేదు. ఉత్త షుగరు ఉన్నంత మాత్రాన బయట పెట్టలేదు. ఈ గీత నాకు ఆచరణకి దగ్గరగా అనిపిస్తుంది. మాస్టారి రెటీనా పరీక్ష ఏడాది లోపు జరిగింది, బాగుంది. మూత్రంలో అల్బుమిన్ పోవడం లేదు. పాదాల్లో స్పర్శ సరిగ్గా ఉంది. హెచ్‌బీఏ1సీ 7.2. ఇదే మనిషికి 10.5 ఉండి, కాలి మీద మానని పుండు ఉంటే నేను ఇంత రాసేవాణ్నే కాదు, చేర్చుకుని మందు మొదలుపెట్టేవాణ్ని.

ఇంకో విషయం కూడా చూస్తాను, అది ఏ గైడ్‌లైన్‌లోనూ బోల్డ్ అక్షరాల్లో ఉండదు. మనిషి రేపు ఫోనెత్తుతాడా? రాత్రి రెండింటికి నొప్పి పెరిగితే ఆస్పత్రికి తీసుకొచ్చే తోడుందా? ఈ ఇంట్లో రెండూ ఉన్నాయి. ఆయన భార్య థర్మామీటరు చూడటం, షుగరు చూడటం, కాగితం మీద రాయడం అన్నీ అప్పటికే చేస్తున్నారు.

"కోర్సు మధ్యలో ఆపకూడదంటారు కదా సార్"

యాంటీబయాటిక్ ఆపేద్దామని చెప్పగానే మాస్టారు జేబులోంచి స్ట్రిప్ తీసి చూపించి అన్న మాట ఇది. ఆయన తప్పేం లేదు. యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చేయాలని మేమే జనానికి నూరిపోశాం. ఆ మాట క్షయ లాంటి జబ్బుల్లో ప్రాణం నిలిపే మాట. కానీ అది మందు అవసరమైన మనిషికి సరైన మోతాదులో సరైన మందు ఇచ్చినప్పటి మాట. అవసరం లేదని తేలిన తర్వాత మిగిలిన ఎనిమిది మాత్రలు మింగితే జబ్బుకి ఒరిగేదేమీ లేదు; పేగులోని బ్యాక్టీరియాకి మాత్రం ఆఫ్లాక్సాసిన్‌ని తట్టుకోవడం నేర్పుతాం. రేపు ఆయనకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే ఆ తట్టుకున్న బ్యాక్టీరియాయే ఎదురొస్తుంది.

పొద్దున వచ్చిన చెమటల సంగతి కూడా ఇక్కడే చెప్పాను. ఫ్లోరోక్వినోలోన్ జాతి మందులు, అంటే ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటివి, గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలతో కలిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఈ హెచ్చరికను మరింత గట్టి చేసింది. మాస్టారు రెండు రోజులుగా సరిగా తినకుండా గ్లిమెపిరైడ్ మాత్రం వేళకి వేసుకున్నారు. 64కి అదొక్కటే చాలు. కానీ ఆఫ్లాక్సాసిన్ దానికి తోడవలేదని నేను చెప్పలేను.

"ఇంజెక్షనన్నా వెయ్యండి డాక్టరు గారూ, షుగరు మనిషి, ఏమన్నా అయితే ఎట్టా?" అన్నారు ఆయన భార్య. అప్పటికి డల్లాస్‌లో ఉన్న కొడుకు ఫోన్లోకి వచ్చాడు. వాళ్ల ఆఫీసులో ఒకాయనకి ఇదే జబ్బొస్తే సిప్రో, ఫ్లాజిల్ అనే యాంటీబయాటిక్స్ పది రోజులు ఇచ్చారట, ఇక్కడెందుకు ఇవ్వట్లేదని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అమెరికాలోనూ చాలామంది డాక్టర్లు ఇప్పటికీ రాస్తున్నారు; 2022లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఎంపిక చేసిన రోగుల్లో మొదట యాంటీబయాటిక్ లేకుండా చూడొచ్చని సూచించినా, అలవాటు అంత త్వరగా మారదు. ఆ అబ్బాయికి ట్రయల్స్ అంకెలు చెప్పాను. "అంకుల్, చిల్లు పడితే?" అన్నాడు. యాంటీబయాటిక్ వేసుకున్నా నూటికి ఒకరికి అలాంటిది జరిగిందని, తేడా ఉంటే అది ఏ సంకేతం చూసి ఎంత త్వరగా కనిపెడతామన్న దాంట్లో ఉందని చెప్పాను. ఒప్పుకున్నాడో, ఒప్పుకున్నట్టు ఊరుకున్నాడో మరి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. అప్పటికే రెండు మాత్రలు కడుపులోకి వెళ్లాయి కాబట్టి ఇది అసలు యాంటీబయాటిక్ ముట్టని కేసు కాదు. ఆ రెండు మాత్రలే పనిచేశాయని ఎవరైనా వాదిస్తే ఒక్క కేసుతో నేను ఖండించలేను. ఒక్క కేసు దేన్నీ రుజువు చేయదు. ట్రయల్స్ చెప్పింది మన గదిలో, మన రోగితో ఎలా నడుస్తుందో చూపించడానికే దాని ఉపయోగం.

ఏం ఇచ్చాం, ఏం ఇవ్వలేదు

పారాసెటమాల్ 650, రోజుకి మూడుసార్లు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దన్నాను. దినామో ట్రయల్‌లో పారాసెటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ కూడా వాడారు, అయినా అది నాకు ఎప్పుడూ కొరుకుడు పడలేదు. అలాంటి నొప్పి మాత్రలు అలవాటుగా వాడేవాళ్లలో డైవర్టిక్యులాలకి చిల్లుపడే ముప్పు ఎక్కువని వేరే పరిశీలనలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. ట్రమడాల్ రాయలేదు: పేగు కదలికని మందగిస్తుంది, నొప్పి పెరుగుతోందన్న సంకేతాన్ని కప్పేస్తుంది.

గ్లిమెపిరైడ్ ఆపి, మామూలుగా తినే దాకా మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచాను. రెండు రోజులు కొబ్బరి నీళ్లు, మజ్జిగ తేట, పలచటి గంజి, చారు నీళ్లు. ఆకలి వస్తే మెత్తటి అన్నం, పెసరకట్టు. కడుపు మాడ్చమనలేదు. ఆస్పత్రిలో చేర్చుకోలేదు.

ఒక తెల్ల కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. జ్వరం 101 దాటితే, వాంతులు మొదలైతే, నొప్పి ఎడమవైపు నుంచి పొట్టంతా పాకితే, పొట్ట బిగిస్తే, గాలి పోవడం ఆగితే, మూత్రంలో గాలి బుడగలు వస్తే, ఫోన్ చేయడం కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకి. ఈ కాగితం ఇచ్చే ఓపిక లేకపోతే యాంటీబయాటిక్ రాసేయడమే నయం. నేను సీరియస్‌గానే అంటున్నాను.

రెండో రోజు

మర్నాడు సాయంత్రం ఫోన్. నొప్పి తగ్గలేదు, పెరగలేదు. జ్వరం 99.6. పొద్దున తీయించిన సీఆర్‌పీ 71. ముందురోజు 62.

చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. అంకె పెరిగింది, కాబట్టి జబ్బు పెరిగింది, కాబట్టి యాంటీబయాటిక్. సీఆర్‌పీ కాలేయం తయారుచేసే పదార్థం. వాపు మొదలైన తర్వాత రెండు మూడు రోజుల దాకా పైకి పోతూనే ఉంటుంది, మనిషి అప్పటికే కుదుటపడుతున్నా సరే. 62 నుంచి 71 అన్నది నన్ను కదిలించలేదు. 62 నుంచి 150 అయి ఉంటే మళ్లీ సీటీకి పంపేవాణ్ని. అంకెని పక్కనపెట్టి మనిషిని చూడాలని మరుసటి ఉదయం రమ్మన్నాను. నాడి 82. తెల్లకణాలు 10,200. నొక్కితే నొప్పి ఉన్న చోటు అరచేయంత నుంచి మూడు వేళ్లంత అయింది. విరేచనం అయింది. ఆటోలో గుంతలు ఎలా ఉన్నాయని అడిగితే "ఉన్నాయి గానీ అంత తెలీలేదు" అన్నారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టలేదు.

ఐదో రోజుకి మామూలు భోజనం, గ్లిమెపిరైడ్ మళ్లీ మొదలు. ఏడో రోజు సీఆర్‌పీ 11. కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టినా వంగితే కాస్త సలుపు ఉందన్నారు. రెండు వారాలు దాటాక అదీ పోయింది.

ఇవ్వాల్సిన కేసు ఎలా ఉంటుందంటే

ఈ కేసు విన్న ఒక జూనియర్ డాక్టరు ఇకనుంచి అందరికీ ఆపేయొచ్చా అని అడిగాడు. అతనికి చూపించింది వేరే ఫైలు. 61 ఏళ్ల ఆవిడ, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌కి ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, రోగనిరోధక శక్తిని తగ్గించే మెథోట్రెక్సేట్ వాడుతున్నారు. నొప్పి కొంచెమే, జ్వరం లేదు, పొట్ట మెత్తగానే ఉంది. స్టెరాయిడ్లు వాడేవాళ్ల పొట్ట ఇలాగే అబద్ధం చెబుతుంది. సీటీలో సిగ్మాయిడ్ పక్కన రెండు మూడు గాలి బుడగలు, చిన్న చీముగడ్డ. ఆవిడని చేర్చుకుని రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్ ఇచ్చాం, సర్జన్‌కి చూపించాం. ఆవిడ విషయంలో చర్చకి తావే లేదు.

ఇవ్వాల్సి వచ్చి, నోటితో సరిపోయే మనిషైతే నా మొదటి ఎంపిక అమాక్సిసిలిన్-క్లావులనేట్. సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ జోడీ పాత అలవాటు. కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువులు తెగడం, నరాల తిమ్మిర్లు, షుగరు పడిపోవడం, వృద్ధుల్లో క్లాస్ట్రిడియాయిడెస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలు, ఇన్ని భారాలు దానితో వస్తాయి. పెన్సిలిన్ పడనివాళ్ల సంగతి వేరు.

తర్వాత

ఎనిమిది వారాలకి కొలనోస్కోపీ చేశాం. వాపు ఉన్నప్పుడు చేయకూడదు, చల్లారాక మానకూడదు. సీటీలో మందంగా కనిపించిన పేగు గోడ ఒక్కోసారి డైవర్టిక్యులైటిస్ ముసుగులో ఉన్న క్యాన్సర్ కావచ్చు. మాస్టారికి సిగ్మాయిడ్‌లో సంచులు తప్ప ఏమీ లేదు. కుడివైపు పెద్దపేగులో మాత్రం 6 మి.మీ. పాలిప్ దొరికింది, తీసేశాం. రిపోర్టులో ట్యూబ్యులార్ అడినోమా, అంటే వదిలేస్తే క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న రకం. డైవర్టిక్యులైటిస్ రాకపోతే అది ఇంకెన్నాళ్లు అక్కడ కూర్చునేదో.

తిండి గురించి ఆయనకి బంధువులు అప్పటికే పెద్ద పట్టిక ఇచ్చారు. జామకాయ వద్దు, వంకాయ వద్దు, టమాటా వద్దు, వేరుశనగ, నువ్వులు అసలే వద్దు, గింజలు సంచుల్లో ఇరుక్కుంటాయి. డాక్టర్లూ చాలాకాలం ఇదే చెప్పారు. అమెరికాలో 47 వేల మంది మగవాళ్లని 18 ఏళ్లు గమనించిన పరిశీలన 2008లో వచ్చింది: గింజపప్పులు, పాప్‌కార్న్ ఎక్కువ తిన్నవాళ్లలో డైవర్టిక్యులైటిస్ పెరగకపోగా తక్కువే కనిపించింది. నువ్వుల పచ్చడి తినమన్నాను. పీచు పెంచమన్నాను: దంపుడు బియ్యం, జొన్నరొట్టె, తోటకూర, చిక్కుడు, అన్నీ మెల్లగా. బరువు ఆరేడు కిలోలు తగ్గమన్నాను. మోకాళ్ల నొప్పికి షాపులో కొనే డైక్లోఫెనాక్ మానమన్నాను. ఈ చివరిది అడిగి రాబట్టాల్సి వచ్చింది, మొదటిరోజు మందుల లిస్టులో ఆయన చెప్పలేదు.

కొడుకు ఫోన్లో మళ్లీ ఒకటే అడిగాడు: మళ్లీ వస్తే ఆ ముక్క తీయించేద్దామా? ఒక్కసారి తేలికపాటి వాపు వచ్చి తగ్గినంత మాత్రాన సిగ్మాయిడ్ తీసే రోజులు పోయాయి. ఇన్నిసార్లు వస్తే ఆపరేషన్ అని లెక్క పెట్టే పద్ధతీ పోయింది. ఆ వాపులు మనిషి పనినీ నిద్రనీ ఎంత చెడగొడుతున్నాయన్నది చూసి మాట్లాడుకుంటాం. తిరగబెట్టే అవకాశం స్వీడన్ లెక్కల్లో పదకొండేళ్లలో దాదాపు మూడో వంతు మందికి. వస్తే షాపుకి వెళ్లకుండా ముందు ఫోన్ చేయమని, అప్పుడు రక్తపరీక్ష చూసి సీటీ మళ్లీ కావాలో వద్దో తేలుస్తామని చెప్పాను. మిగిలిన ఎనిమిది మాత్రల స్ట్రిప్ ఆయన దగ్గరే ఉందని భార్య చెబితే, అది కూడా తెప్పించి తీసేసుకున్నాను.